మసాజ్ గన్: ఏళ్ల తరబడి వాడాక నాకు తేలిందేమిటంటే

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. చేత్తో పట్టుకుని వాడే మసాజ్ యంత్రాలు నొప్పి తగ్గిస్తాయి, నయం చెయ్యవు. ఆ తగ్గడం కూడా కాసేపే. నా విషయంలో గంట, మహా అయితే రెండు గంటలు. ఆ గంటలో లేచి నడిచారా, భుజాలు తిప్పారా, లేక హాయిగా ఉంది కదా అని మళ్లీ అదే కుర్చీలో కూలబడ్డారా అన్నదాన్ని బట్టి పెట్టిన డబ్బు గిట్టిందో లేదో తేలుతుంది. నాకైతే గిట్టింది. పెట్టె మీద అచ్చేసిన కారణాలకు మాత్రం కాదు.

నా నొప్పులు మామూలువే. రోజంతా కంప్యూటర్ ముందు పని. సాయంత్రానికి కుడి భుజం చెవి దాకా ఎగదన్ని ఉంటుంది. మెడకీ భుజానికీ మధ్య ఉండే కండ, ట్రపీజియస్ అంటారు, వేలితో నొక్కితే లోపల ఒక గట్టి ముడి తగులుతుంది. దీనికి తోడు పరుగు అలవాటు ఉంది కాబట్టి పిక్కలు పట్టేయడం. ఈ రెండూ ఒకే జాతి నొప్పులు కావు. పిక్కలది ఎక్కువ పని చేసినందుకు వచ్చిన నొప్పి, కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. భుజానిది కదలకుండా కూర్చున్నందుకు వచ్చింది, కూర్చున్నన్నాళ్లూ పోదు. యంత్రానికి ఈ తేడా తెలియదు, మనకు తెలియాలి.

మా ఇంట్లో మూడున్నాయి. మొదటిది తీగతో ప్లగ్గుకు పెట్టే పాతకాలపు వైబ్రేటర్, పొడుగాటి పిడి, బండ బరువు. ఇది చర్మాన్నీ దాని కింది పొరనీ జివ్వున వణికిస్తుందే తప్ప లోపలికి దిగదు. అయినా దీన్ని పారేయలేదు, ఎందుకో తర్వాత చెప్తాను. రెండోది అరచేతిలో ఇమిడే మినీ గన్. గన్ అంటే తల ముందుకీ వెనక్కీ కదులుతూ కండ మీద టకటకా కొట్టే యంత్రం. మూడోది పెద్ద గన్, కిలో బరువుకు అటూ ఇటూగా ఉంటుంది.

గన్ రకం పుట్టుక కథ నాకు ఇష్టం. జేసన్ వెర్స్‌లాండ్ అనే అమెరికన్ కైరోప్రాక్టర్‌కి (వెన్నెముకనీ కీళ్లనీ చేత్తో సర్ది వైద్యం చేసేవాడు) 2007లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగింది. ఆ నొప్పి భరించలేక ఒక పవర్ టూల్‌ని మార్చి తన కోసం తానే ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. అదే తర్వాత 2016లో థెరాగన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ ఎంత నున్నటి డిజైన్‌లో అమ్మినా, స్పీడు పెంచి చెవి దగ్గర పెట్టుకుంటే ఆ పవర్ టూల్ బుద్ధి బయటపడుతూనే ఉంటుంది. పడుకున్న పిల్లల గదిలో వాడాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

కొనేటప్పుడు అందరూ స్పీడు చూస్తారు. నిమిషానికి 3200 దెబ్బలు అని పెద్దక్షరాలతో ఉంటుంది మరి. నేను ఆ స్పీడు వాడిన సందర్భం దాదాపు లేదు. చూడాల్సినవి వేరే రెండు. ఒకటి, తల ఎంత దూరం ముందుకీ వెనక్కీ కదులుతుంది అన్నది. పెద్ద గన్నుల్లో ఇది 12 నుంచి 16 మిల్లీమీటర్లు ఉంటుంది, చిన్నవాటిలో చాలామటుకు 10 లోపే. ఆ నాలుగైదు మిల్లీమీటర్లే కండ కదలడానికీ తోలు కదలడానికీ ఉన్న తేడా. రెండోది, ఎంత బరువుతో నొక్కితే మోటారు ఆగిపోతుంది అన్నది. దీన్ని పౌండ్లలో రాస్తారు. ఖరీదైన పెద్దవాటిలో 60 పౌండ్ల దాకా, అంటే దాదాపు 27 కిలోల దాకా చెప్తారు. కొన్ని కంపెనీలు ఈ అంకె అసలు రాయవు. రాయలేదంటే తక్కువేనని నా లెక్క. మా మినీ గన్ పిక్క మీద బాగానే పనిచేస్తుంది, తొడ మీద కాస్త ఆనించగానే గొణిగి ఆగిపోతుంది. తొడ కండ మందం ముందు అది నిలబడలేదు.

వాడకం గురించి కంపెనీ వీడియోల్లో కండలు తిరిగిన కుర్రాళ్లు పళ్లు బిగించి నొక్కుకుంటూ కనిపిస్తారు. అలా వాడితే నాకు మర్నాడు ఒళ్లు కమిలినట్టు ఉంటుంది తప్ప ఒరిగేదేం లేదు. నాకు పనికొచ్చిన పద్ధతి పూర్తిగా దీనికి తిరగేసింది. అన్నిటికంటే తక్కువ స్పీడు. బంతి లాంటి మెత్తటి హెడ్డు, అంటే గన్ కొసకు తగిలించే ముక్క. యంత్రం బరువు యంత్రానిదే, పైనుంచి నా బలం ఏమీ కలపను. ఒక్కో కండ మీద నిమిషం, గట్టిగా పట్టేస్తే రెండు. మడమ పైనుంచి మొదలుపెట్టి పిక్క మీదుగా మోకాలి కింద దాకా, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల కంటే వేగంగా జరపను. ముడి తగిలిన చోట కాస్త ఆగి, ఊపిరి మెల్లగా వదులుతాను. ఊపిరి బిగపట్టాల్సి వస్తోందంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం.

ఇంత మెత్తగా వాడినా ఎందుకు పనిచేస్తుంది? మోకాలు బల్లకు గుద్దుకుంటే మన చెయ్యి చెప్పకుండానే వెళ్లి అక్కడ రుద్దుతుంది. ఆ రుద్దుడుకు నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉంది, స్పర్శనీ ప్రకంపననీ మోసే నరాలు చురుగ్గా ఉన్నప్పుడు నొప్పి కబురు పైకి వెళ్లే దారి ఇరుకవుతుంది అని. ఆ సిద్ధాంతానికి తర్వాత ఎన్నో సవరణలు వచ్చాయి కానీ మూల విషయం నిలబడింది. మసాజ్ గన్ చేసేది ప్రధానంగా ఇదే. కండలో ముడిని పగలగొట్టడం, మురికిని బయటికి తోలెయ్యడం లాంటివి అమ్ముకునేవాళ్ల మాటలు. మెదడుకు చేరే కబురు మారాలంటే సుత్తిదెబ్బలు అక్కర్లేదు, నిలకడైన చిన్న కదలిక చాలు.

లాక్టిక్ యాసిడ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం, నొప్పికి కారణమైన ఆ యాసిడ్‌ని గన్ కండల్లోంచి తోలేస్తుందని ప్రతి పెట్టె మీదా ఉంటుంది కాబట్టి. వ్యాయామంలో పేరుకున్న లాక్టేట్‌ని (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం ఇదే) మన ఒళ్లు గంటా గంటన్నరలో తనే సర్దేసుకుంటుంది. పరుగెత్తిన మర్నాడో మూడో నాడో, అంటే 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే ఆ నొప్పి అలవాటులేని శ్రమకు కండపోగుల్లో జరిగిన సూక్ష్మమైన దెబ్బల వల్లా, వాటి చుట్టూ వచ్చే వాపు వల్లా. గన్‌తో ఆ దెబ్బలు త్వరగా మానవు. నా పిక్కల విషయంలో మెట్లు దిగేటప్పుడు పడే అవస్థ మాత్రం కొంత తగ్గుతుంది, అంతే.

కీళ్లు సులువుగా వంగడంలో అసలు ప్రయోజనం కనిపిస్తుంది. 2020లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో పిక్కల మీద ఐదు నిమిషాలు గన్ పెట్టాక చీలమండ సగటున 5 డిగ్రీల పైచిలుకు ఎక్కువ వంగింది, కండ బలం తగ్గలేదు. అందులో పాల్గొన్నది కొద్దిమందే కనుక దాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది. పరుగుకు ముందు నిమిషం చొప్పున పిక్కలకూ తొడలకూ పెట్టుకుంటే మొదటి అడుగులు బిర్రుగా పడవు.

ఇక ఏ ప్రకటనా చెప్పని సంగతి. నొప్పి ఉన్న చోటికి చెయ్యి అందదు. కూర్చుని పనిచేసేవాళ్లకు పోటు ఎక్కడ వస్తుంది? వీపు మీద, రెండు రెక్కల నడుమ. అక్కడికి కిలో బరువున్న యంత్రాన్ని వెనక్కి తిప్పి పట్టుకోవాలంటే, ఏ భుజాన్ని వదులు చెయ్యాలనుకున్నామో ఆ భుజాన్నే బిగించాలి. ఒక పక్క మర్దన, ఒక పక్క కొత్త నొప్పి. అందుకే ఇంకొకరి సాయం కావాలి. మా ఆవిడ చేతికిస్తే నేనేమో “పైకి... ఇంకాస్త... ఆఁ అక్కడే, అక్కడే ఉంచు” అంటాను, ఆమె “అక్కడే ఉంచమంటారు, అంతలోనే జరుగుతారు, కదలకుండా ఉండండి ముందు” అంటుంది. ఈ తతంగం రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది, ఎందుకంటే అంతకు మించితే ఆమె చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఇది చిన్న విషయం కాదు. పిడి గుండా ప్రకంపన పట్టుకున్నవాళ్ల వేళ్లలోకీ మణికట్టులోకీ వెళ్తుంది. కర్మాగారాల్లో వణికే పనిముట్లు వాడేవాళ్ల చేతుల కోసం యూరోపియన్ యూనియన్ 2002లోనే పరిమితులు పెట్టింది. ఇంట్లో రెండు నిమిషాలకు ఆ భయం లేదు, కానీ ఇంటిల్లిపాదికీ ఒక్కరే చెయ్యడం మంచిది కాదు.

పాత వైబ్రేటర్‌ని ఎందుకు ఉంచానంటే ఇందుకే. దాని పిడి పొడుగు. భుజం మీదుగా వెనక్కి వేస్తే యంత్రం తల వీపు మధ్యకు చేరుతుంది. లోపలికి దిగకపోయినా అందాల్సిన చోటికి అందుతుంది. గన్ కొనేవాళ్లు పిడి పొడుగు, దాని కోణం చూసుకోండి. త్రికోణం ఆకారంలో పిడి ఉన్నవి ఈ విషయంలో కాస్త నయం. ఇవేవీ లేకపోయినా గోడకూ వీపుకూ మధ్య ఒక టెన్నిస్ బంతి పెట్టుకుని మెల్లగా ఒరిగితే వీపు నొప్పికి నాకు గన్ కంటే అదే మెరుగ్గా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టక్కర్లేదు కూడా.

ఛార్జింగ్ అన్నాను కనుక, మన్నిక. పెద్ద గన్ మోటారుకు ఇప్పటివరకు ఏమీ కాలేదు. బ్యాటరీ మాత్రం మొదట్లో ఉన్నంతసేపు ఇప్పుడు రాదు, లిథియం అయాన్ బ్యాటరీ స్వభావమే అంత. పూర్తిగా సున్నాకు దిగిపోయిన దాన్ని నెలల తరబడి సొరుగులో పడేస్తే ఇంకా త్వరగా పోతుంది. నురుగుతో చేసిన హెడ్డు పెచ్చులూడింది, సిలికాన్‌ది అలాగే ఉంది. పెట్టెలో ఇచ్చిన హెడ్డుల్లో నేను వాడేవి రెండే, బంతిదీ బల్లపరుపుదీ. సన్నటి మొన ఉన్నది సొరుగులోనే ఉంటుంది, ఎముకకు తగిలితే ప్రాణం విలవిల్లాడుతుంది. గాలి రంధ్రాల్లో దుమ్ము చేరుతుంది, పాత బ్రష్‌తో దులిపితే సరి. పొడుగు జుట్టున్నవాళ్లు ముడి వేసుకోనిదే మెడ దగ్గరికి తీసుకెళ్లకండి.

మెడ అన్నాను, అది భుజం వైపు ఉన్న కండ మాత్రమే. మెడ ముందు భాగం, పక్కలు, పుర్రె కింది గుంట జోలికి పోకూడదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు అక్కడే ఉన్నాయి. మెడ మీద గన్ వాడాక ధమని గోడ చీలిన కేసు వైద్య పత్రికల్లోకి ఎక్కింది. ఇంకో కేసులో కండ దెబ్బతిని, దాని పదార్థం రక్తంలోకి చేరి, మూత్రం ముదురు గోధుమ రంగుకు మారింది. రాబ్డోమయోలిసిస్ అంటారు, కిడ్నీల మీదికి వస్తుంది. ఇవి అరుదే. అయినా “మరీ ఎక్కువైతే ఏమవుతుందిలే” అనేవాళ్లకు ఈ రెండూ చాలు.

మా అమ్మకు షుగర్ ఉంది, అరికాళ్లలో స్పర్శ తక్కువ. “ఒరేయ్, నాకూ పెట్టరా, కాళ్లు లాగేస్తున్నాయి” అంటుంది అప్పుడప్పుడూ. నేను పెట్టను. స్పర్శ లేని చోట ఎంత గట్టిగా తగులుతోందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఆమె కాళ్లకు చేత్తోనే రాస్తాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. ఉబ్బిన రక్తనాళాల (వేరికోస్ వెయిన్స్) మీద, వెన్నెముక మీద, మోకాలి వెనక గుంటలో, చంకలో, గజ్జల్లో ఎవరూ పెట్టుకోకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే గన్ తీసి పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లాలి. చెయ్యి వేళ్ల దాకా జివ్వుమంటూ తిమ్మిరి దిగుతుంటే అది కండ నొప్పి కాకపోవచ్చు, నరం మీద ఒత్తిడి అయ్యుండొచ్చు. అక్కడ ఈ యంత్రానికి పని లేదు.

నా భుజం ఇప్పుడెలా ఉందంటే, పోటు పూర్తిగా పోలేదు, రావడం తగ్గింది. అందులో గన్ వాటా ఎంతో, అది పెట్టుకున్నాక వచ్చే ఆ వెసులుబాటులో నేను చేసే భుజం వ్యాయామాల వాటా ఎంతో విడదీసి చెప్పమంటే, నా ఓటు వ్యాయామాలకే. నొప్పిగా ఉన్నప్పుడు అవి చెయ్యబుద్ధి కాదు. గన్ పెట్టాక బుద్ధవుతుంది.

కొత్తగా కొనేవాళ్లు ఒక్కటే కొనాలంటే మధ్యరకం బరువుది, తల 10 లేదా 12 మిల్లీమీటర్లు కదిలేది, పిడి పొడుగున్నది చూసుకోండి. ప్రయాణాలు ఎక్కువైతేనే మినీ. తెచ్చిన రోజే తొడ మీద పెట్టి కాస్త బరువు వెయ్యండి. ఆగిపోయిందంటే వాపసు గడువు దాటకముందే వెనక్కి పంపెయ్యండి.