చెరువు కింద ఎకరమా, బోరు కింద రెండెకరాలా?

పాకాల, రామప్ప లాంటి కాకతీయుల నాటి చెరువు కింద ఎకరం ఉంటే, తూము తెరిస్తే చాలు, మడి తడుస్తుంది. ఇంటికి సరిపడా వడ్లు వస్తాయి. చెరువు నిండని ఏడు యాసంగి మీద ఆశ వదులుకోవాల్సిందే.

బోరు కింద రెండెకరాల చెలక పైకి మేలనిపిస్తుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, కానీ బోరు వేయించిన అప్పు మనదే. నీళ్లు పడకపోతే మళ్లీ ఇంకో బోరు. పక్క రైతు మరింత లోతుకు దించితే మనది ఎండొచ్చు. అప్పు తీర్చాలని పత్తి వేస్తాం, బియ్యం కొనుక్కుంటాం. పత్తి ధర పడితే వంటింట్లో టెన్షన్! (రేషన్ బియ్యం కొంత ఆదుకుంటాయనుకోండి.)

నేనైతే చెరువు కింది ఎకరానికే ఓటేస్తాను, అదీ సొంతదైతేనే. కౌలు రైతు ఎక్కడ సాగు చేసినా, 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం సొమ్ము పట్టాదారుకే వెళ్లింది.