అయాలా పేరు కొట్టించిన చొక్కా: హనుమకొండలో ఒక జెర్సీల దుకాణం

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో, మేడ మీద ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ దుకాణంలో రెండు నెలల క్రితం అర్జెంటీనా చొక్కా ఒకటి చేయించుకున్నాను. వీపు మీద పదో నంబరు కాదు, రెండో నంబరు. పేరు మెస్సీది కాదు, అర్జెంటీనా ఫుట్‌బాల్ జట్టు పాత డిఫెండర్ రొబెర్తో అయాలాది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో అదే వేసుకుని ఆడుతున్నాను కనుక, ఆ దుకాణం పనితనం గురించి ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

కాగితం మీద పేరు చూడగానే దుకాణం నడిపే అన్న, "ఈయన ఎవరు తమ్మీ? ఈ పేరు ఇప్పటిదాంక ఎవ్వరు కొట్టియ్యలే" అన్నాడు. గిరాకీ ఉన్న సమయమే అయినా, నేను చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు.

అయాలా ఎత్తు 1.77 మీటర్లు. గోల్ ముందు రక్షణ మధ్యలో నిలిచే సెంటర్ బ్యాక్‌కు అది తక్కువే. అయినా తనకంటే ఎత్తయిన ఫార్వర్డ్‌ల కన్నా ఒక క్షణం ముందే గాలిలోకి లేచి బంతిని అందుకునేవాడు. ఇటలీ క్లబ్ మిలాన్‌లో నిలదొక్కుకోలేక 2000లో స్పెయిన్ క్లబ్ వాలెన్సియాకు వెళ్ళి, ఏడేళ్ళు అక్కడి రక్షణకు వెన్నెముక అయ్యాడు. 2002 మే 5న మలాగా జట్టు మీద గెలిచి వాలెన్సియా 31 ఏళ్ళ తరువాత స్పెయిన్ లీగ్‌ను దక్కించుకున్న మ్యాచ్‌లో మొదటి గోల్ ఆయనదే. 2004లో లీగ్, యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూఈఎఫ్‌ఏ కప్ రెండూ వాలెన్సియాకు వచ్చాయి; అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆయన ఉన్న అర్జెంటీనా ఆరు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచింది.

అయితే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది ఈ విజయాల వల్ల కాదు. 2006 జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీతో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో, సహచరుడు రికెల్మే కొట్టిన కార్నర్‌కు ఎగిరి, 49వ నిమిషంలో తలతో గోల్ చేసిన ఆయనే, చివరకు పెనాల్టీల దగ్గర కొట్టిన బంతిని జర్మనీ గోల్‌కీపర్ లేమన్ ఆపేయగా తల వంచుకుని వెనుదిరిగాడు. మరుసటి ఏడాది దక్షిణ అమెరికా దేశాల పోటీ కోపా అమెరికా ఫైనల్‌లో, బ్రెజిల్‌తో ఆడుతుండగా, బంతి ఆయన కాలికి తగిలి సొంత గోల్‌లోకే వెళ్ళింది. 115 మ్యాచ్‌లు ఆడిన జాతీయ జట్టుకు ఆ తరువాత వీడ్కోలు చెప్పాడు. డిఫెండర్ ఆపిన వంద బంతులను ఎవరూ లెక్కపెట్టరు, తప్పిన ఒక్కటి మాత్రం అందరికీ గుర్తుంటుంది. మా జట్టులో అదే స్థానంలో ఆడే నాకు ఇది ప్రతి వారం అనుభవమే. అర్జెంటీనా కోచ్ స్కలోనీకి సహాయకుడిగా అయాలా 2022 ప్రపంచ కప్ గెలిచిన బృందంలో ఉన్నాడని చెప్పినప్పుడు, అన్న ముఖం కూడా వెలిగింది.

ఇక పని విషయానికి వస్తే, నీలం, తెలుపు చారలు బట్టలోనే దిగేలా ముద్రించి, పేరు, నంబరు మాత్రం వినైల్ అనే పలచని ప్లాస్టిక్ షీటు కోసి వేడి ప్రెస్‌తో అతికిస్తారు. ఇంగ్లీషులో అయాలా పేరుకు మూడు 'ఏ' అక్షరాలు వస్తాయి. ఒక్కొక్క అక్షరం కడుపులో మిగిలే బియ్యపు గింజంత త్రికోణపు ముక్కను, దుకాణం అన్న కళ్ళద్దాలు నుదుటికి ఎత్తుకుని, సన్నని పట్టకారుతో ఓపికగా తీయడం దగ్గర నిలబడి చూశాను. తొందరలో ఉన్నవాళ్ళు ఆ ముక్కలను అలాగే వదిలేసి అక్షరాన్ని ముద్దగా అతికించడం నేను వేరేచోట చూశాను.

బట్ట పలచగా ఉండి చెమట త్వరగా ఆరుతుంది, చంకల దగ్గర కుట్టు గట్టిగా ఉంది. ఒక లోపం మాత్రం చెప్పాలి: నాలుగో ఉతుకుకు చివరి అక్షరం అంచు కొద్దిగా లేచింది. తీసుకువెళితే వెంటనే మళ్ళీ ప్రెస్ చేసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆ తరువాత చెక్కుచెదరలేదు. మెడ పట్టీ కాస్త బిగుతుగా ఉంటుంది కనుక పెద్ద మెడ ఉన్నవారు ముందే చెప్పుకోవడం మంచిది. ధర 480 రూపాయలు, చేతికి రావడానికి మూడు రోజులు పట్టింది.

వెళ్ళేవారు శనివారం సాయంత్రం కాకుండా వారం మధ్యలో వెళ్ళండి, పేరును ఇంగ్లీషు అక్షరాలలో స్పష్టంగా కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంట్లో ఉతికేటప్పుడు చొక్కాను లోపలివైపు బయటికి తిప్పి చల్లనీళ్ళలోనే వేయండి, అక్షరాల మీద ఇస్త్రీ పెట్టకండి.