మా గుట్ట మీద రాసిన పర్యావరణ రిపోర్టు: 5కి 2 స్టార్లు

యలహంకలో జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించుకుని మరీ చదివాను. కర్ణాటకలో బాగేపల్లి వైపు మా ఊరి గుట్టకు రాబోతున్న కంకర క్వారీ మీద పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టు ఇది. లీజు 5 హెక్టార్లు దాటింది కాబట్టి కేంద్రం పర్యావరణ అనుమతుల మీద ఇచ్చిన 2006 నోటిఫికేషన్ కింద పబ్లిక్ హియరింగ్ పెట్టి ఊరివాళ్ల మాట వినాలి. అందుకే డ్రాఫ్టు మా చేతికొచ్చింది. రాసింది బెంగళూరులోని ఒక కన్సల్టెన్సీ. ఫీజు ఇచ్చేది క్వారీ పెట్టేవాళ్లే.

మంచి ముందు చెప్తా. దుమ్ము చాప్టర్ శ్రద్ధగా చేశారు. దుమ్ము కొలిచే మిషన్లు ఏ మిద్దె మీద పెట్టారో ఫోటోలున్నాయి, గాలి ఎటు వీస్తుందో బొమ్మ ఉంది. దానికో స్టారు. సారాంశం కన్నడలో సులువుగా ఉంది, ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పడానికి అరగంట చాలింది. దానికి ఇంకోటి.

అసలు గొడవ వన్యప్రాణుల చాప్టర్లో. చుట్టూ 10 కిలోమీటర్లు చూశామంటారు. పట్టికలో ఏముంది? కుందేలు, ముంగిస, ఉడుత, తొండ, కాకి. పికిలి పిట్టల్లో మామూలుది ఒక్కటే రాశారు. పసుపు గొంతు పికిలి లేదు. అది దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప ఎక్కడా బతకదు, ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది. బెంగళూరు నుంచి నంది కొండకు పెద్ద పెద్ద కెమెరాలు మోసుకెళ్లేవాళ్లలో చాలామంది దానికోసమే వెళ్తారు. మా గుట్టలో తీసిన ఫోటో నా ఫోన్లో ఉంది, మసకగానే అనుకోండి.

పట్టిక కింద ఒకే వాక్యం: 'కోర్ జోన్‌లో షెడ్యూల్ 1 జంతువులు లేవు.' కోర్ జోన్ అంటే క్వారీ తవ్వే చోటు. షెడ్యూల్ 1 అంటే వన్యప్రాణుల చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా. ఆ వాక్యం విలువ తెలుసా? ఉన్నాయని రాస్తే వాటి రక్షణకు విడిగా ప్లాను, దానికి బడ్జెట్ చూపించాలి. లేవంటే ఆ తలనొప్పే లేదు.

జూన్‌లో ఊరెళ్లినప్పుడు గొర్రెలు మేపే మా చిన్నాయన నన్ను గుండ్ల సందుకు తీసుకెళ్లాడు. నల్లటి పేడ ముద్ద ఒకటి ఎండి ఉంది. కర్రతో విరిచాడు. లోపలంతా ఈత గింజలు. పక్కనే చెదపుట్ట మధ్యకి తవ్వేసి ఉంది. "ఎలుగ్గొడ్డు రా. రాత్రి దిగుతాది, తెల్లారకముందే సందులోకి పోతాది," అన్నాడు. ఎలుగుబంటి షెడ్యూల్ 1 జంతువే.

సర్వే ఎప్పుడు చేశారో వెతికితే చివర్లో అనుబంధంలో దొరికింది: ఏప్రిల్‌లో రెండు రోజులు, పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా. ఆ ఎండకి మా గొర్రెలే చెట్టు కిందికి చేరతాయి. మందుగుండు పేల్చినప్పుడు అదురు ఎంతో లెక్కలేశారు, దగ్గరి ఇంటికి ఎన్ని మీటర్లో కొలిచారు. గుండ్ల సందుకి కొలవలేదు. ఉందని తెలిస్తే కదా!

వానలయ్యాక మళ్లీ సర్వే చేయాలని, రాత్రిపూట కెమెరా ట్రాప్‌లు (జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు) పెట్టాలని అభ్యంతరం రాసిచ్చాను. చిన్నాయన మాట కాదనలేక కవర్లో గుప్పెడు ఈత గింజలు కూడా వేశా. రసీదు మీద క్లర్కు 'జతపరచినవి: ఫోటోలు 4' అని రాశాడు. గింజలు రాయమంటే నవ్వాడు.