టెస్ట్‌డిస్క్ 7.2 రివ్యూ: ఎన్‌క్రిప్ట్ చేసిన ల్యాప్‌టాప్‌లో పార్టిషన్ పోతే ఎంతవరకు ఆదుకుంటుంది?

కానూరు, వడ్డేశ్వరం హాస్టళ్లలో డ్యూయల్ బూట్ (ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ప్రయోగాలకు కొదవ లేదు. పార్టిషన్ జరుగుతుండగా కరెంటు పోతుంది, బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది. మళ్లీ ఆన్ చేస్తే డిస్క్ అంతా ‘అన్‌అలొకేటెడ్’. ఎవరినడిగినా చెప్పే మందు టెస్ట్‌డిస్క్. పోయిన పార్టిషన్లను వెతికిపెట్టే ఈ ఉచిత ప్రోగ్రాం క్రిస్టోఫ్ గ్రెనియే రాసింది, 7.2 వెర్షన్ 2024లో వచ్చింది. మామూలు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 పార్టిషన్లకైతే ఐదుకి ఐదు మార్కులు వేయొచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌కి మాత్రం మూడే.

ఎందుకంటే, ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే వచ్చేది లక్స్ (ఎల్‌యూకేఎస్, లినక్స్‌లో డిస్క్‌కి తాళం వేసే పద్ధతి). దాని హెడర్‌లో (పార్టిషన్ మొదట్లో ఉండే సమాచారంలో) తాళం సంగతులన్నీ ఉంటాయి గానీ, పార్టిషన్ ఎక్కడ ముగుస్తుందో ఉండదు. కాబట్టి టెస్ట్‌డిస్క్ మొదలు పట్టుకుని, చివర దగ్గర ‘డేటా సైజ్ అన్‌నోన్’ అని చేతులెత్తేస్తుంది. పక్కన ఏదో సైజు కనపడుతుంది కదా అని ‘రైట్’ (Write, డిస్క్‌కి రాయడం) నొక్కారో, తప్పు పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టిక) డిస్క్‌కి ఎక్కుతుంది.

అసలు డిస్క్ మీద పని చేయనేకూడదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు ఫైల్) తీయాలి, ఎంతవరకు కాపీ అయిందో గుర్తుంచుకునే మ్యాప్‌ఫైల్ తప్పనిసరి. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కంప్రెస్ కాదు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి పూర్తిగా 512 జీబీ చోటు కావాలి, 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చుకోండి. అది ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది, ఈఎక్స్‌టీ4 చేసుకోవాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే సెకనుకు 35 ఎంబీ లెక్కన నాలుగు గంటలు పడుతుంది. ఛార్జర్ గుచ్చే ఉంచండి.

ఇమేజ్ చేతికొచ్చాక కూడా ముందు టెస్ట్‌డిస్క్ కాదు, పార్టిషన్ టేబుల్ సరిచేసే జీడిస్క్. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) డిస్క్‌లో పార్టిషన్ టేబుల్ రెండో కాపీ చివరి 33 సెక్టార్లలో (512 బైట్ల గడుల్లో) ఉంటుంది. ముందు కాపీ మాత్రమే పాడైతే, జీడిస్క్‌లో ఆర్ నొక్కి రికవరీ మెనూలోకి వెళ్లి, బి, ఆ తర్వాత సి నొక్కితే వెనక కాపీ నుంచి టేబుల్ తిరిగొస్తుంది. పీ నొక్కి చూసుకోండి. మొదలు, చివర రెండూ సరిగ్గా వస్తే టెస్ట్‌డిస్క్‌తో పనే లేదు.

రెండు కాపీలూ కొత్త టేబుల్ కింద పోయినప్పుడే టెస్ట్‌డిస్క్ నిజంగా అక్కరకొస్తుంది. ‘క్విక్ సెర్చ్’లో దొరక్కపోతే ‘డీపర్ సెర్చ్’. లక్స్ మొదలయ్యే సెక్టార్ నంబరు రాసుకుని బయటికొచ్చేయండి. ఉదాహరణకు 2099200 వచ్చిందనుకుందాం, 512తో గుణిస్తే 1074790400 బైట్లు. లూప్ డివైస్‌ని (ఇమేజ్ ఫైల్‌ని డిస్క్‌లా చూపించేది) ఆ ఆఫ్‌సెట్‌తో, అంటే మొదట్లో అన్ని బైట్లు వదిలేసి, రీడ్ ఓన్లీగా కట్టి, లక్స్ తాళం తీసే క్రిప్ట్‌సెటప్‌తో తెరవండి. పాస్‌వర్డ్ ఒప్పుకుందంటే హెడర్, కీ స్లాట్ (తాళం దాచే చోటు) క్షేమం. చివర తెలియకపోయినా ఇక్కడినుంచే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. ఫైళ్లను ఏరి తీసే ఫొటోరెక్ నడపాలన్నా ఇలా తెరిచాకే. తెరవకముందు నడిపితే చెత్త తప్ప ఏమీ రాదు.

టేబుల్ తిరిగి రాయాలనుకుంటే చివర కావాలి. లోపల ఎల్‌వీఎం (చోటును వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ ఏర్పాటు) ఉంటే, చివర తక్కువ పెట్టినప్పుడు అదే చెబుతుంది: డివైస్ ఇన్ని సెక్టార్లే ఉంది, పీవీ (ఎల్‌వీఎం వాడుకునే మొత్తం చోటు) సైజు అంతకన్నా ఎక్కువ, రీసైజ్ చేశారా అని. ఆ పీవీ సైజుకు లక్స్2 డిఫాల్ట్ హెడర్ 16 ఎంబీ, అంటే 32768 సెక్టార్లు కలిపితే అసలు పార్టిషన్ సైజు. ఈ అంకె టెస్ట్‌డిస్క్ ఇవ్వదు.

హెడర్ మొదటి సెక్టారే చెరిగిపోతే టెస్ట్‌డిస్క్‌కి ఏమీ కనపడదు. లక్స్2లో రెండో హెడర్ సాధారణంగా 16 కేబీ తర్వాత ఉంటుంది. దాని గుర్తు ఎల్‌యూకేఎస్ కాదు, తిరగేసిన ఎస్‌కేయూఎల్. హెక్స్ ఎడిటర్‌లో అది వెతికి 32 సెక్టార్లు వెనక్కి వస్తే మొదలు దొరుకుతుంది. తర్వాత ఇమేజ్ కాపీ మీద క్రిప్ట్‌సెటప్ రిపేర్. కీ స్లాట్ ప్రాంతం కొంచెం చెరిగినా ఆ స్లాట్ పోయినట్టే. తాళాన్ని 4000 ముక్కలుగా పరిచి పెడతారు, ఒక్క ముక్క పోయినా తాళం రాదు.

పార్టిషన్‌ని ఎడమవైపు జరుపుతూ మధ్యలో ఆగితే కథ వేరు. ముందు భాగం కొత్త చోట, మిగతాది పాత చోట ఉంటుంది. టెస్ట్‌డిస్క్ కొత్త చోట లక్స్ చూపించినా అది పూర్తి కాదు. ఎక్కడ ఆగిందో కనుక్కుని, రెండు ముక్కల్నీ ఒకే ఫైల్‌గా అతికి, అప్పుడే డీక్రిప్ట్ చేయాలి. ఎన్‌క్రిప్షన్ సెక్టార్ వరుస నంబర్ మీద ఆధారపడుతుంది కాబట్టి ముందు డీక్రిప్ట్ చేసి తర్వాత అతకడం కుదరదు.

విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్‌కి అసలు పనిముట్టు విండోస్‌లోనే వచ్చే రిపేర్-బీడీఈ. మెటాడేటా (తాళం సంగతులు) మూడు కాపీలుంటాయి కాబట్టి లక్స్‌కన్నా ఓర్పు ఎక్కువ. ఫలితం రాసే డ్రైవ్ అంతే సైజు లేదా పెద్దది కావాలి, అందులో ఉన్నదంతా పోతుంది. రికవరీ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపు 11తో శేషం లేకుండా భాగించబడాలి, లేదంటే ఎక్కడో అంకె తప్పు రాసుకున్నట్టు. హోమ్ ఎడిషన్ వాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసుకోవాలి. ఈ కీ గానీ పాస్‌వర్డ్ గానీ లేకపోతే విజయవాడ గవర్నర్‌పేటలో అయినా గుంటూరు అరండల్‌పేటలో అయినా ఏ షాపువాళ్లూ ఏమీ చేయలేరు, చేస్తామంటే అడ్వాన్స్ ఇవ్వకండి.

షాపులో ఇచ్చేముందు అడగాల్సింది ఒక్కటే: ముందు ఇమేజ్ తీస్తారా? ‘ఒకసారి ఫార్మాట్ కొట్టి రికవరీ చేద్దాం’ అన్నారంటే ల్యాప్‌టాప్ తిరిగి తెచ్చేసుకోండి. ఎస్‌ఎస్‌డీలో క్విక్ ఫార్మాట్ అయినా ట్రిమ్ (ఈ సెక్టార్లు ఇక అక్కర్లేదనే ఆదేశం) వెళ్తుంది, ఆ తర్వాత టెస్ట్‌డిస్క్ వెతికేది ఖాళీ సెక్టార్లనే.