కారవాన్ మరుగుదొడ్డి ట్యాంకు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకోవాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది మరుగుదొడ్డి ట్యాంకు గురించే. కంపు కొట్టదా, ఎక్కడ ఖాళీ చేస్తారు, ఏ మందు పోస్తారు అని. మాది విజయనగరం. మోకాళ్ల నొప్పులున్న అమ్మను అరసవల్లికీ, శ్రీకూర్మానికీ, బారువ తీరానికీ ఈ బండిలోనే తీసుకెళుతుంటాం. ట్యాంకు పని మొదటి నుంచీ నాదే. నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: ట్యాంకును ఎక్కడ ఖాళీ చేస్తామో ముందు తేల్చుకుని, ఏం పోయాలో ఆ తర్వాత ఆలోచించాలి.

అమెరికాలో ఇలాంటి బళ్ల ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికే డంప్ స్టేషన్లు ఉంటాయి. ఇక్కడ 16వ నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎన్నిసార్లు తిరిగినా నాకు అలాంటిది ఒక్కటీ కనబడలేదు. రోడ్డు పక్క కాలువలోకో, నాగావళిలోకో వదిలేయడం నా దృష్టిలో నేరమే. కాబట్టి మా బండి ట్యాంకు ఖాళీ అయ్యేది మా ఇంటి సెప్టిక్ ట్యాంకులోకే. అందుకే ఇలాంటి ట్యాంకుల్లో పోయడానికి అమ్మే, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కలిసిన నీలం ద్రవాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. వాసనను అది బాగానే ఆపుతుంది, కానీ సూక్ష్మజీవులను చంపి ఆపుతుంది. ఇంటి ట్యాంకులో మలాన్ని అరిగించేవీ ఆ సూక్ష్మజీవులే. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, యాసిడ్‌తోనూ ఇదే చిక్కు. పైగా బ్లీచింగ్, యాసిడ్ ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు తెరిచే వాల్వులోని రబ్బరు సీళ్లను పాడుచేస్తాయి. ఆ రెండూ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

నేను వాడేది బ్యాక్టీరియా పొడి. రైళ్లలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, రైల్వే కలిసి పెట్టిన బయో టాయిలెట్లు పనిచేసేదీ బ్యాక్టీరియాతోనే. అయితే ఈ పొడి పోసిన వెంటనే ఫలితం ఉండదు, దానికి కొంత సమయం పడుతుంది. మే నెల ఎండలో, బండి నీడలేని చోట నిలిస్తే వాసనను పూర్తిగా ఆపలేదు కూడా. అయినా ఇంటి ట్యాంకుకు హాని చేయదన్న ఒక్క కారణంతో దానికే నా ఓటు.

పొడి కన్నా ముఖ్యం నీళ్లు. ఖాళీ చేసిన ప్రతిసారీ ట్యాంకు అడుగు మునిగేలా ఒక బకెట్ నీళ్లు పోసి వాల్వు మూసేయాలి. వాల్వు తెరిచి ఉంచితే నీళ్లు మాత్రం జారిపోయి, గట్టిది కమోడ్ కింద కుప్పగా పేరుకుని ఎండిపోతుంది. అది పుట్టలా గట్టిపడ్డాక కదిలించడం చాలా కష్టం. కాగితం కాకుండా నీళ్లతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది. మగ్గుతో పోసే ప్రతి నీటి చుక్కా లోపలి పదార్థాన్ని పలచగా ఉంచుతుంది. ట్యాంకు త్వరగా నిండుతుందన్నది నిజమే, కానీ శుభ్రంగా ఉంటుంది.

ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేస్తాను. అంతకంటే తక్కువుంటే లోపలిదంతా ఈడ్చుకుపోయేంత ఊపు రాదు. గొట్టానికి, వాల్వుకు మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ ఎల్బో (వంపు గొట్టం ముక్క) ఒకటి బిగించాను. వాల్వు లాగగానే అందులో ముదురు గోధుమ రంగు ఒక్క ఉరుకున పోతుంది. తర్వాత సన్నగిల్లి ఆగుతుంది. అప్పుడు లోపలికి నీళ్లు పట్టి మళ్లీ వదలాలి. ఎల్బోలో నీళ్లు తేటగా కనబడేదాకా ఇలాగే చేస్తాను. చివర్లో సింకులో వాడిన నీళ్లు చేరే వంటింటి నీళ్ల ట్యాంకు విప్పితే ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ వరుస తిరగబడకూడదు. కడిగే గొట్టం, తాగునీళ్ల గొట్టం వేరు వేరు రంగుల్లో ఉండాలి. చేతికి తొడుగులు తప్పనిసరి.

వంటింటి నీళ్ల ట్యాంకును చాలామంది పట్టించుకోరు. పులుసు, నూనె, బియ్యం కడుగు అందులో పులిస్తే వచ్చే కంపు ఒక్కోసారి మరుగుదొడ్డి ట్యాంకునే మించిపోతుంది. సింకులో జల్లెడ పెట్టి, గిన్నెల జిడ్డును ముందే తుడిచేయడం తప్ప దానికి మందు లేదు.

ట్యాంకు ఖాళీగా ఉన్నా మీటరు దీపం ‘నిండింది’ అని చూపిస్తే సెన్సార్ల మీద మలమో, మూత్రం పొరో అంటుకుందని అర్థం. దీనికి నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, చీపురుపల్లి రోడ్డు మీదుగా రాజాం దాకా వెళ్లి వస్తే, బండి కుదుపులకు లోపల నీళ్లు ఊగి ఆ పొర ఊడిపోతుంది. మరుగుదొడ్డిలో ఫ్యాను తిరుగుతుండగా ఫ్లష్ చేయకండి. అది ట్యాంకులోని గాలిని కమోడ్ దారిన పైకి లాగుతుంది. వాల్వు బిగుసుకుంటే సిలికాన్ గ్రీజు రాస్తే చాలు.

కొత్తగా బండి కట్టించుకునేవారు షెడ్డులో మూడు విషయాల్లో పట్టుబట్టండి. ట్యాంకు అడుగు వాల్వు వైపుకి వాలుగా ఉండాలి. బయటికి పోయే గొట్టం 3 అంగుళాలకు తగ్గకూడదు. గాలి గొట్టం బండి పైకప్పు దాటి పైకి రావాలి. మా బండికి మొదటి రెండూ ఉన్నాయి. మూడోది తర్వాత వేయించాను, వాసన సగానికి సగం తగ్గింది అప్పుడే.