చిన్న డయలప్ ఐఎస్‌పీకి ఏది మేలు: మోడెమ్‌ల ర్యాకా, ఈ-వన్ పెట్టెనా?

ఐఎస్‌పీ అంటే జనానికి ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మే సంస్థ. డయలప్‌లో కస్టమరు కంప్యూటర్ మామూలు టెలిఫోన్ లైను మీద దానికి ఫోన్ చేసి కలుస్తుంది. 1998 నవంబరులో కేంద్రం ఇంటర్నెట్ సర్వీసులోకి ప్రైవేటు వాళ్లను రానిచ్చింది. అంతకుముందు మామూలు జనానికి కనెక్షన్ కావాలంటే 1995 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ సర్వీసే గతి. కొత్త లైసెన్సులు మూడు రకాలు: దేశమంతటికీ ఏ, రాష్ట్రానికి బీ, దాదాపు జిల్లా అంత ప్రాంతానికి సీ. మొదటి ఐదేళ్లు ఫీజు లేదు. బ్యాంకు గ్యారంటీ మాత్రం ఏ రకానికి 2 కోట్లు, బీకి 20 లక్షలు, సీకి 3 లక్షలు. ఆ మూడు లక్షలు చూసే చిన్న ఊళ్లలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల వాళ్లకు ఆశ పుట్టింది. అలాంటి ఒకచోట నేను రాత్రి డ్యూటీ చేశాను. ఓనరుగారికి లైసెన్సు మీద ఉన్న ఉత్సాహం బ్యాంకు బ్యాలెన్సులో లేదు. ఆ బడ్జెట్లో ఏం కొనాలన్నది రోజూ నడిచే చర్చ.

ఒక దారి చవకది. మామూలు ఎక్స్‌టర్నల్ మోడెమ్‌లు (ఫోన్ లైనుని కంప్యూటర్‌కి కలిపే డబ్బాలు) ఎనిమిదో పదహారో కొని స్లాటెడ్ యాంగిల్ ర్యాక్‌లో వరసగా పేర్చాలి. ఒక్కోదానికి ఒక్కో టెలిఫోన్ లైను. అవన్నీ ఒక పీసీలో పెట్టిన మల్టీపోర్ట్ సీరియల్ కార్డుకి తగిలించి, పీసీలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సరి. లైనక్స్‌కి పైసా ఖర్చు లేదు, కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ చాలు. ఒక మోడెమ్ పోతే దాన్ని మార్చుకుంటాం, కస్టమర్లు పెరిగితే ఇంకో నాలుగు కొంటాం.

రెండో దారిలో ర్యాకంతా ఒక్క పెట్టెలోకి వస్తుంది. ఎక్స్ఛేంజ్ నుంచి ఈ-వన్ లైను తీసుకుంటే ఒక్క కేబుల్లో 30 కాల్స్ వస్తాయి. లోపలి డిజిటల్ మోడెమ్‌లే వాటిని ఎత్తుతాయి. అప్పట్లో పోర్ట్‌మాస్టర్ 3, సిస్కో ఏఎస్5200 లాంటి పెట్టెలు ఈ పనికే ఉండేవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ధర ముచ్చటగా ఉండదు. పైగా పది మంది కస్టమర్లున్నా ముప్పయ్ లైన్లకూ కట్టాల్సిందే.

ఈ పెట్టె వైపు మొగ్గడానికి గట్టి కారణం '56 కే', అంటే సెకనుకు 56 కిలోబిట్ల వేగం. 1998లో వచ్చిన వీ.90 అనే ప్రమాణం మోడెమ్‌లు ఆ వేగం అందుకోవాలంటే ఐఎస్‌పీ వైపు లైను డిజిటల్‌గా ఉండాలి. రెండు వైపులా మామూలు లైనే అయితే డబ్బా మీద 56కే అని ఎంత పెద్దగా రాసున్నా 33.6 దాటదు. ఈ సంగతి తెలియక ర్యాక్ నిండా 56కే మోడెమ్‌లు కొన్నవాళ్లున్నారు. మేమూ ఆ జాబితాలోనే. అయితే మా ఊళ్లో కస్టమర్ల ఇళ్లకు వెళ్లే తీగల పరిస్థితికి 28 వస్తే గొప్ప, వానాకాలంలో 24. అలాంటి చోట 56కే కోసం పెట్టె కొనడం గతుకుల రోడ్డు మీద తోలడానికి రేసు బైకు కొనడమే.

ర్యాక్‌తో అసలు టెన్షన్ వేగం కాదు, హంటింగ్. కస్టమర్లందరూ ఒకే నంబరుకి చేస్తారు. ఎక్స్ఛేంజ్ మొదటి లైను ఖాళీగా ఉందా, లేకపోతే రెండోది, మూడోది అని వెతికి కలుపుతుంది. ఎండాకాలం వేడికి మొదటి మోడెమ్ బిగుసుకుపోయిందనుకోండి. లైను ఖాళీగానే ఉంది కాబట్టి ఎక్స్ఛేంజ్ వచ్చిన కాల్‌ని ముందు దానికే ఇస్తుంది. అది మోగుతూనే ఉంటుంది, ఎత్తదు. వెనక పదిహేను మోడెమ్‌లు ఊరికే కూర్చున్నా, దానికి తగిలినవాళ్లకు ఇంటర్నెట్ ఉండదు. మొదటిసారి ఇలా జరిగిన రాత్రి ఓనరుగారు ఇంటి నుంచి ఫోన్ చేసి, "ఏమయ్యా, నిద్రపోయావా? అరగంట నుంచి మోగుతోందంట!" అని కేకలేశారు. నా కళ్ల ముందు లైట్లన్నీ చక్కగా వెలుగుతున్నాయి మరి! తర్వాత ఒక ఎర్ర ఫోన్ తెచ్చి ర్యాక్ పక్కన పెట్టుకున్నాం. ఏ మోడెమ్ మొండికేస్తే దాని లైను ఫోన్‌కి గుచ్చి, రిసీవర్ తీసి పక్కన పెట్టేయడమే. లైను ఎంగేజ్ అయ్యి కాల్ తర్వాతి దానికి వెళ్తుంది.

పెట్టెలో ఈ గోల ఉండదు. కానీ పెట్టె పోతే ముప్పయ్ లైన్లూ ఒకేసారి పోతాయి, స్పేర్ ఊళ్లో దొరకదు.

మూడో దారి కూడా ఉండేది. లైసెన్సు జోలికే పోకుండా పెద్ద ఐఎస్‌పీ గంటల ప్యాకెట్లు (ఇన్ని గంటలని ముందే డబ్బు కట్టి కొనుక్కునేవి) తెచ్చి కమీషన్‌కి అమ్ముకోవడం. పోయేదేం లేదు, మిగిలేదీ పెద్దగా లేదు.

నన్నడిగితే అప్పటికి ర్యాకే మేలు, ఎనిమిది లైన్లతో. లైనుకి పది మంది కస్టమర్లని అప్పట్లో అందరూ వేసుకునే లెక్క. అమెరికాలో పెద్ద ఐఎస్‌పీ ఏఓఎల్ 1996 డిసెంబరులో నెలకు 19.95 డాలర్లకు ఎంతసేపైనా వాడుకోండనగానే లైన్లన్నీ ఎంగేజే అయ్యాయి. అప్పట్లో మనకా భయం తక్కువ. ఇక్కడ ప్యాకెట్ గంటలు కరుగుతుంటే పక్కనే ఫోన్ బిల్లు పెరుగుతుండేది, మెయిల్ చూసుకోగానే జనమే కట్ చేసేసేవారు. అంటే ఎనిమిది లైన్లతో ఎనభై మందిని లాగొచ్చు.

ర్యాక్ మేలనడానికి పెద్ద కారణం ఇంకోటుంది. మోడెమ్ ఏదైనా ఊళ్లోంచి బయటికెళ్లే దారి ఒక్కటే, ఎప్పుడూ కలిపే ఉండే అద్దె లైను, అంటే లీజు లైను. అప్పట్లో చిన్నవాళ్లకు అందేది 64 కేబీపీఎస్, అంటే సెకనుకు 64 కిలోబిట్లు. అందులో పదహారు మంది ఒకేసారి దింపుకుంటే తలకి 4. యాభై కిలోబైట్ల (అంటే నాలుగు వందల కిలోబిట్ల) బొమ్మకి వంద సెకన్లు. కాబట్టి పెట్టె కొనకుండా మిగిలిన డబ్బు లీజు లైను పెంచడానికి, ఇంకో పీసీలో స్క్విడ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి పెద్ద హార్డ్ డిస్క్ పెట్టడానికి పోవాలి. స్క్విడ్ ఒకసారి వచ్చిన బొమ్మను దాచుకుని, అడిగిన వాళ్లకల్లా ఊళ్లోంచే ఇస్తుంది. తెలుగు పేపర్ల సైట్లు చదవాలంటే ముందు వాటి ఫాంటు దింపుకోవాల్సిన రోజులవి. మొదటివాడికి వచ్చిన ఫాంటు మిగతావాళ్లకు క్షణంలో వచ్చేది.

లైన్లు ఇరవై దాటాక, ఎక్స్ఛేంజ్ ఈ-వన్ ఇస్తానన్నాక పెట్టె కొనొచ్చు. అదీ లీజు లైను 128 అయ్యాకే.

మా ఓనరుగారు లీజు లైను 64లో ఉండగానే పెట్టె తెచ్చారు. రింగులు ఆగిపోయాయి, ఒక్క కాల్ కూడా తప్పలేదు. ఎర్ర ఫోన్ ర్యాక్ పక్క నుంచి లేచి కంప్లైంట్ల టేబుల్ మీదికి వెళ్లింది. మొదటి వారమంతా అందులో వినిపించింది ఒకటే మాట: "లైను టక్కున కలుస్తోందండీ, పేజీయే రావట్లేదు."