రెబెకానా, షరేడా?

తిరుపతిలో వాన పట్టిన రాత్రి. ఈ రెండు పాత హాలీవుడ్ సినిమాల్లో ఒక్కదానికే సమయం. ప్రేమా కావాలి, గుబులూ కావాలి.

ఖర్చు: కాపీరైట్ ప్రకటన సరిగా వేయని పొరపాటుకు 'షరేడ్' (1963) అమెరికాలో హక్కులు పోగొట్టుకుంది, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. 'రెబెకా' (1940) కోసం కాస్త వెతకాలి.

ఓపిక: షరేడ్ రంగుల్లో, రెండు గంటల లోపు. రెబెకా నలుపు తెలుపు, 130 నిమిషాలు, మొదట్లో నత్తనడక. ఆ నడకే దాని బలమని నా పక్షపాతం. చనిపోయిన మొదటి భార్య రెబెకా ఒక్కసారీ కనిపించదు, బతికున్న రెండో భార్యకు పేరే లేదు! ఇల్లు చూసుకునే ఆవిడ పాత యజమానురాలి కోటు చేతిని చెంపకు ఆనించుకుంటుంటే వెన్ను జలదరిస్తుంది.

చిక్కు: షరేడ్‌లో హీరో కేరీ గ్రాంట్ పేర్లు మార్చుకుంటూ పోతాడు. అసలు గుట్టు ముందే తెలిస్తే సగం చప్పబడుతుంది.

కొండ దిగిన బంధువులతో ఇల్లు నిండితే షరేడ్. అందరూ పడుకున్నాక, దీపం ఆర్పి ఒంటరిగా అయితే రెబెకా.